బస్సు దిగాక అరగంటలో, 120 రూపాయల్లో భోజనం: నల్గొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) వైపు ఎక్కడ తినాలి, ఎప్పుడు తినాలి?

మీరు అడిగింది ఇది. హైదరాబాద్ నుంచి బస్సులో నల్గొండ, అక్కడ పని చూసుకుని మిర్యాలగూడ, తర్వాత మహబూబ్‌నగర్ వెళ్లాలి. తోడు షుగర్ ఉన్న మీ నాన్నగారు. ఎక్కడ దిగినా తిండికి అరగంట మించి దొరకదు. మనిషికి 120 రూపాయలు దాటకూడదు, కడుపు నిండాలి, మర్నాడు కడుపు పాడవకూడదు. మంచి హోటళ్ల పేర్లు చెప్పమన్నారు, అక్కడి నీళ్ల సంగతీ అడిగారు.

నల్గొండ బస్టాండు దగ్గర చాలా ఏళ్లు మెస్ నడిపాను. ఇప్పుడు దాన్ని మా తమ్ముడు చూసుకుంటున్నాడు. నేను ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లోని చిన్న హోటళ్లకు పప్పులు, నూనె, పార్సిల్ సామాను వేస్తాను. సరుకు దించడానికి వెనక తలుపు నుంచి వెళ్తాను కాబట్టి, మీకు ముందు కనపడేవి కాక వంటిల్లు కనపడుతుంది నాకు. ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

సూటిగా జవాబు: పొద్దున టిఫిన్ 7:30 నుంచి 9:30 మధ్య, మధ్యాహ్నం భోజనం 12:15 నుంచి 1:30 మధ్య, రాత్రి 7:30 నుంచి 9 మధ్య తినండి. బస్టాండు గేటుకు ఎదురుగా ఉన్న మొదటి వరుస వదిలేసి, ఐదు నిమిషాలు నడిచి, రోజూ అక్కడే తినే మనుషులు కూర్చున్న చిన్న మెస్‌లోకి వెళ్లండి. చవక హోటల్ విషయంలో ఏ హోటల్ అన్నదానికన్నా ఎన్ని గంటలకు అన్నదే ఎక్కువ పని చేస్తుంది. పేర్లు చెప్పకపోవడానికి కారణం కూడా ఇదే. చిన్న మెస్ అంటే వంట చేసే ఒక మాస్టరు, ఇద్దరు మనుషులు. మాస్టరు మానేసి పక్క ఊరికి వెళ్లిపోతే బోర్డు అదే ఉంటుంది, రుచి పోతుంది. ఈ రోజు నేను పేరు రాస్తే, మీరు వెళ్లే నాటికి అక్కడ ఎవరు వండుతున్నారో నేను హామీ ఇవ్వలేను. టైం మాత్రం ఏ ఊళ్లోనైనా పనికొస్తుంది.

ఎందుకో చెప్తాను. మెస్‌లో అన్నం ఒకేసారి వండరు. మొదటి గంజు పదకొండున్నరకు అటూ ఇటూ దిగుతుంది. జనం వచ్చేదాన్ని బట్టి రెండోది, మూడోది ఎక్కిస్తారు. పప్పు, చారు, కూర మాత్రం పొద్దున ఒక్కసారే చేస్తారు. ఒంటిగంటన్నర దాకా అంతా కొత్తగా ఉంటుంది. రెండు దాటాక యజమానికి ఒక చిక్కు వస్తుంది: ఇంకా పది, పదిహేను మంది వస్తారేమో అని మళ్లీ అన్నం ఎక్కించాలా, ఉన్నదాంతో సర్దాలా? ఎక్కిస్తే మిగిలిపోతుంది, నష్టం. అందుకే సర్దుతాడు. పప్పులో వేడి నీళ్లు పడతాయి. కూర గిన్నె అడుగు గీకుతారు. పెరుగు అయిపోయి మజ్జిగ వస్తుంది. ఇందులో మోసమేమీ లేదు, 90 రూపాయల భోజనం అమ్మేవాడికి మిగిలేది అంతంతే, అన్నం పారబోస్తే ఆ రోజు కూలి కూడా గిట్టదు. కానీ మీరు మూడింటికి వెళ్లి కూర్చుంటే మీకు పడేది ఆ సర్దిన భోజనమే.

ఇక ఆరోగ్యం సంగతి. వండిన పదార్థం 60 డిగ్రీలకు పైన వేడిగా ఉన్నంతసేపు భయం తక్కువ. 5 నుంచి 60 డిగ్రీల మధ్య గంటల తరబడి ఉంటేనే క్రిములు పెరుగుతాయి. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా ఉంటుంది. దాని బీజాలు ఉడికినా చావవు. అన్నం చల్లారి గంజులో అలాగే ఉంటే అవి మొలకెత్తి విషం వదులుతాయి. ఆ విషంలో వాంతులు చేయించే రకం మళ్లీ వేడి చేసినా పోదు. మధ్యాహ్నం మిగిలిన అన్నం సాయంత్రం బండి మీద ఎగ్ ఫ్రైడ్‌రైస్ అయితే, పెనం మీద మంట ఎంత లేచినా నాకు ధైర్యం చాలదు. నల్గొండలో మే నెల ఎండ 45 డిగ్రీల దగ్గరికి వెళ్తుంది. రేకుల కప్పు కింద వంటిల్లు ఇంకా వేడి. ఆ వాతావరణంలో నాలుగు గంటలు బయట ఉన్న అన్నాన్ని నేను మా పిల్లలకు పెట్టను, మీకూ తినమని చెప్పను.

గేటు ఎదుటి వరుస వద్దన్నాను కదా. అక్కడ అద్దె ఎక్కువ. తినేవాళ్లలో చాలామంది మళ్లీ రారు, బస్సు ఎక్కి వెళ్లిపోతారు. మళ్లీ రాని మనిషి కోసం ఎవరూ రుచి కాపాడుకోరు. అక్కడా మంచివాళ్లు ఉన్నారు, నా సరుకు కొనేవాళ్లలోనే ఉన్నారు, కానీ కొత్తగా వచ్చిన మీకు వాళ్లెవరో తెలియదు. ఐదు నిమిషాలు నడిస్తే కోర్టు గుమాస్తాలు, బ్యాంకు వాళ్లు, కోచింగ్ పిల్లలు, ఆటో డ్రైవర్లు తినే చోటు వస్తుంది. వాళ్లు రేపు కూడా రావాలి. ఒక్కరోజు పప్పు పాడైతే మర్నాడు నలుగురు పక్క మెస్‌కు పోతారు. ఆ భయమే మీకు రక్ష.

ఇదే కారణంతో హైవే మీద డ్రైవరు ఆపిన చోట భోజనం చేయాల్సిన పని లేదు. విజయవాడ హైవే మీద చౌటుప్పల్ నుంచి సూర్యాపేట దాకా పెద్ద పెద్ద హోటళ్లు ఉన్నాయి. పిల్లలతో కారులో వెళ్లేవాళ్లకు, శుభ్రమైన బాత్రూం కావాలనుకునేవాళ్లకు అవి మంచివే. కానీ మీ బడ్జెట్‌లో కడుపు నిండదు. పావుగంట హాల్టులో టోకెన్ లైను, మళ్లీ కౌంటర్ లైను అయ్యేసరికి బస్సు హారన్ కొడుతుంది. అక్కడ టీ తాగండి, బాత్రూం వాడుకోండి, భోజనం ఊళ్లోకి వెళ్లాక చేయండి. నార్కట్‌పల్లి దగ్గర హైవే వదిలితే నల్గొండ ఎంతో దూరం లేదు.

లోపలికి వెళ్లే ముందు గుమ్మం దగ్గర ఒక్క నిమిషం నిలబడి చూడండి. నేనైతే మొదట చూసేది చేతులు. గల్లాపెట్టె దగ్గర డబ్బు తీసుకునే మనిషే అదే చేత్తో ఇడ్లీ తీసి పెడుతుంటే వెనక్కి వస్తాను. డబ్బుకు ఒకరు, వడ్డనకు ఒకరు ఉన్న చోట మిగతా పద్ధతి కూడా బాగానే ఉంటుంది. తర్వాత ప్లేట్లు కడిగే చోటు. ఒకే టబ్బులో నీళ్లు బూడిద రంగులోకి తిరిగినా అందులోనే ముంచి తీస్తున్నారా, కుళాయి కింద కడుగుతున్నారా? చాలా మెస్‌లలో స్టీలు ప్లేటు మీద పాలిథిన్ కాగితం పరుస్తారు. వేడన్నం దాని మీద పడటం నాకు నచ్చదు. విస్తరాకు గానీ అరిటాకు గానీ ఉంటే అడిగి వేయించుకోండి, సిగ్గుపడకండి. బోర్డు దగ్గర ఆహార భద్రత సంస్థ ఇచ్చిన 14 అంకెల నంబరు ఉందేమో చూడండి. అది ఉన్నంత మాత్రాన వంట బాగుందని కాదు, కానీ ఆ మాత్రం కాగితం పని చేయించుకున్న మనిషికి అధికారి వస్తాడన్న జ్ఞాపకం ఉంటుంది.

లోపల కూర్చోక ముందే అడగాల్సిన మాట ఒకటుంది: "అన్నా, అన్నం గరం ఉందా, ఇప్పుడే దించారా?" మా వైపు ఇది మామూలు ప్రశ్న, ఎవరూ తప్పుగా తీసుకోరు. "ఐదు నిమిషాలు ఆగండి, దిగుతుంది" అన్నారంటే మంచి చోటికి వచ్చారు, ఆగండి. "ఉంది ఉంది, కూర్చోండి" అని చూడకుండా చెప్పారంటే ప్లేట్ మీల్స్ బదులు దోసె చెప్పుకోండి.

ఊళ్ల వారీగా. నల్గొండలో బస్టాండు నుంచి క్లాక్‌టవర్ వైపు, ప్రకాశం బజార్ వైపు నడిస్తే సందుల్లో మెస్‌లు, టిఫిన్ సెంటర్లు తగులుతూనే ఉంటాయి. రామగిరి వైపు కాలేజీ పిల్లలు ఎక్కువ, అందుకని ధర తక్కువ, అన్నం ధారాళం. పొద్దున ఇడ్లీ, వడ, పూరీ, మైసూర్ బజ్జీ అన్నిచోట్లా ఉంటాయి. మీకు అరగంటే ఉంది కాబట్టి ఇడ్లీ చెప్పుకోండి, అది ఆవిరి మీద నుంచి నేరుగా ప్లేటులోకి వస్తుంది, ఆగాల్సిన పని లేదు. పూరీ రద్దీలో ఆలస్యమవుతుంది. మధ్యాహ్నం ప్లేట్ మీల్స్ అడగండి, ఫుల్ మీల్స్ వద్దు. ఫుల్ మీల్స్ అంటే వడ్డించేవాడు మళ్లీ మళ్లీ రావాలి, రద్దీలో మీ అరగంట వాడి కోసం చూడటంతోనే సరిపోతుంది. ప్లేటులో అన్నం, పప్పు, ఒక కూర, చారు, పచ్చడి, పెరుగు ఒకేసారి వచ్చేస్తాయి. పచ్చిపులుసు ఉందేమో అడగండి. ముద్దపప్పు, పచ్చిపులుసు కలిపి తింటే మా వైపు భోజనం ఏమిటో తెలుస్తుంది, కూర లేకపోయినా లోటు అనిపించదు. ఎండాకాలంలో అయితే తప్పకుండా అడగండి.

మిర్యాలగూడ సంగతి వేరు. సాగర్ ఎడమ కాలువ కింద వరి, దాని వెనక రైస్ మిల్లులు, వాటి వెనక లారీలు, హమాలీలు. బరువులు మోసేవాళ్లు తినే ఊరు కాబట్టి భోజనం తొందరగా మొదలవుతుంది. పదకొండుంపావుకే అన్నం దొరికే చోట్లు ఉన్నాయి. అన్నం బాగుంటుంది, ఎందుకంటే బియ్యం గురించి అక్కడ తినేవాళ్లందరికీ తెలుసు, నాసిరకం వండితే మొహం మీదే చెప్తారు. కూరల్లో కారం, నూనె రెండూ ఎక్కువ. మీ నాన్నగారికి పప్పు, పెరుగు మీద ఆధారపడమనండి.

మిర్యాలగూడ నుంచి మహబూబ్‌నగర్‌కు 167వ జాతీయ రహదారి మీద హాలియా, కొండమల్లేపల్లి, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా పోవాలి. దేవరకొండ కూడా ఈ దారికి ఆనుకునే ఉంటుంది. చాలామంది ఇబ్బంది పడేది ఈ దారిలోనే. ఊరికీ ఊరికీ మధ్య దూరం ఎక్కువ, మధ్యలో దొరికేవి బజ్జీలు, బిస్కెట్లు. నా సలహా: పొద్దున మిర్యాలగూడలో గట్టిగా టిఫిన్ చేసి ఎక్కండి, మధ్యాహ్నం దేవరకొండలో గానీ కల్వకుర్తిలో గానీ భోజనం పెట్టుకోండి. రెండూ చుట్టుపక్కల తండాలవాళ్లు, పల్లెలవాళ్లు సంతకు వచ్చే ఊళ్లు, మధ్యాహ్నం జనం ఉంటారు. కొండమల్లేపల్లి చౌరస్తాలో బస్సు మారాల్సి వస్తే అక్కడ టీ వరకే.

జడ్చర్ల దగ్గర బెంగళూరు హైవే తగులుతుంది. ఊళ్లో బాదేపల్లి మార్కెట్ ఉంది, పల్లీల వ్యాపారానికి పేరున్న చోటు. పాలమూరు అంతటా యాసంగిలో పల్లీ బాగా వేస్తారు, అందుకే ఇక్కడ టిఫిన్‌కు పల్లీ చట్నీయే. కొబ్బరి చట్నీ పేరుకే ఉంటుంది. మార్కెట్ సీజన్లో బాదేపల్లి వైపు రైతులు, హమాలీలు తినే చోట్లు చాలా బాగుంటాయి. సీజన్ లేనప్పుడు అవే చోట్లు సగం ఖాళీగా ఉంటాయి, అప్పుడు వెళ్లొద్దు.

మహబూబ్‌నగర్‌లో బస్టాండు నుంచి న్యూటౌన్ వైపు, క్లాక్‌టవర్ వైపు టిఫిన్లకు, మెస్‌లకు కొరత లేదు. సాయంత్రం అయ్యిందంటే రోడ్డు పక్కన జొన్న రొట్టెల పొయ్యిలు వెలుగుతాయి. అక్క కూర్చుని మీ కళ్ల ముందే పిండి తట్టి పెనం మీద వేస్తుంది. చవక తిండిలో ఇంతకన్నా నమ్మకమైనది నాకు తెలియదు. పిండి, వేడినీళ్లు, మంట, అంతే. పాతది అమ్మే వీలే లేదు, చల్లారిన జొన్న రొట్టె గట్టిపడి వెంటనే తెలిసిపోతుంది. రెండు రొట్టెలు, పప్పు లేదా ఆకుకూర తీసుకుంటే మీ బడ్జెట్‌లో సగం కూడా కాదు. రాత్రి పూట అన్నం మానేసి ఇదే తినండి.

మీ దారిలో లేదు కానీ ఇది చదివే మిగతావాళ్ల కోసం రెండు మాటలు. గద్వాల వైపు వెళ్తే జూరాల ప్రాజెక్టు దగ్గర చేపల కూర, చేపల వేపుడు జొన్న రొట్టెతో పెడతారు, ప్రత్యేకంగా దిగి తినాల్సినవి. గద్వాల, అలంపూర్ ప్రాంతంలో పొద్దున ఉగ్గాని, మిర్చి బజ్జీ దొరుకుతాయి. బొరుగులు అప్పటికప్పుడు తడిపి పోపు పెడతారు, పది నిమిషాల్లో అయిపోయే తిండి. శ్రీశైలం వెళ్లేవాళ్లు కల్వకుర్తిలోనో అచ్చంపేట వైపో భోజనం ముగించుకోండి, మన్ననూరు దాటాక నల్లమలలో తినే చోట్లు తక్కువ. మన్ననూరు అటవీ చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసి ఉంటుంది. రాత్రి భోజనానికి ఎక్కువసేపు ఆగి అక్కడ ఇరుక్కున్న కుటుంబాలను చూశాను.

షుగర్ ఉన్న పెద్దాయన గురించి. నేను డాక్టర్ని కాను, మా అమ్మకు పాతిక ఏళ్లుగా షుగర్ ఉంది, ఆమెతో ప్రయాణాలు చేసిన అనుభవంతో చెప్తున్నాను. ప్రయాణంలో అందరూ షుగర్ పెరుగుతుందని భయపడతారు, షుగర్ పడిపోవడం గురించి ఆలోచించరు. మాత్రలో, ఇన్సులినో తీసుకుని భోజనం గంటన్నర ఆలస్యమైతే చెమటలు పట్టి, చేతులు వణుకుతాయి. కండక్టర్ "ఇంకో పావుగంట" అంటాడు, ట్రాఫిక్‌లో అది గంట అవుతుంది. అందుకే ఆయన జేబులో గ్లూకోజ్ గానీ నాలుగు చక్కెర బిళ్లలు గానీ, సంచిలో వేయించిన శనగలు, పల్లీలు ఉంచండి. ఏ మాత్ర తిండికి ముందు, ఏది తర్వాత అన్నది బయలుదేరే ముందే డాక్టర్‌ను అడిగి రాసుకోండి.

తిండిలో పొద్దున ఆయనకు పెసరట్టు దొరికితే మొదట అదే. లేకపోతే రెండు ఇడ్లీ, సాంబారు గిన్నెడు. పూరీ, మైసూర్ బజ్జీ వద్దు. మధ్యాహ్నం అన్నం సగం తగ్గించి పప్పు, కూర రెండోసారి అడగండి. చాలా మెస్‌లలో పది, పదిహేను రూపాయలు ఎక్కువ తీసుకుని కూర ఇస్తారు, ఉడికించిన గుడ్డు కూడా దొరుకుతుంది. రాత్రి జొన్న రొట్టె. జొన్న రొట్టెకు షుగర్ పెరగదని కొందరు చెప్తారు, అది నిజం కాదు. అది కూడా పిండి పదార్థమే, కాకపోతే పీచు ఎక్కువ, నెమ్మదిగా అరుగుతుంది. రెండుతో ఆగమనండి.

నీళ్లు. నల్గొండ అనగానే ఫ్లోరైడ్ గుర్తొచ్చి మీరు అడిగినట్టున్నారు. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఊళ్లలో బోరు నీళ్ల వల్ల ఎముకలు వంగిపోయిన మనుషులను చూసి పెరిగినవాణ్ని, ఆ బాధ చిన్నది కాదు. కానీ ఫ్లోరోసిస్ ఏళ్ల తరబడి అవే నీళ్లు తాగితే వచ్చే జబ్బు. ప్రమాణాల ప్రకారం తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీళ్లు లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. ఒక్క పూట ఒక గ్లాసు తాగితే ఆ జబ్బు రాదు. ఇంటింటికీ తాగునీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్‌ను 2015లో మన చౌటుప్పల్‌లోనే పెట్టారు, ఆ తర్వాత కృష్ణా నీళ్లు ఊళ్లకు వచ్చాయి, పరిస్థితి చాలా మారింది.

ప్రయాణికుడు భయపడాల్సింది ఫ్లోరైడ్ గురించి కాదు, టేబుల్ మీద జగ్గు గురించి. ఆ జగ్గు లోపల చేత్తో ఎప్పుడు తోమారో ఎవరికీ తెలియదు. ఇంటి నుంచి రెండు లీటర్ల సీసా తెచ్చుకోండి. అయిపోతే సీలు సరిగ్గా ఉన్న బాటిల్ కొనండి, బస్టాండు స్టాల్‌లో ఎమ్మార్పీ కన్నా ఎక్కువ అడిగితే ఇవ్వకండి, స్టేషన్ మేనేజర్‌కు చెప్పండి. ఐసు వేసిన చెరుకురసం, నిమ్మసోడా, రంగు షర్బత్‌లు ఎండలో ఎంత నోరూరించినా వదిలేయండి. ఐసు ఎక్కడ నుంచి వచ్చిందో బండివాడికే తెలియదు.

అదే లెక్కలో పచ్చివి మానేయండి. కోసి పెట్టిన ఉల్లిపాయ ముక్కలు, కీరా ముక్కలు, నీళ్లు ఎక్కువ కలిపిన చట్నీ. పొద్దున తొమ్మిదింటి లోపు చట్నీకి ఢోకా లేదు. ఎండాకాలంలో పదిన్నర దాటాక వేలితో రుచి చూసి, ఏ మాత్రం పులుపు తగిలినా పక్కన పెట్టి సాంబారు, కారప్పొడి అడగండి. షవర్మా, శాండ్‌విచ్ బండ్లు ఇప్పుడు చిన్న ఊళ్లకూ వచ్చాయి. పచ్చి గుడ్డు మయొనేజ్‌ను మన రాష్ట్ర ప్రభుత్వం 2024 అక్టోబరు 30న ఏడాది పాటు నిషేధించింది, హైదరాబాద్‌లో మోమోలు తిని జనం ఆస్పత్రుల పాలయ్యాక తీసుకున్న నిర్ణయం అది. ప్రయాణంలో మయొనేజ్ జోలికే పోకండి.

బజ్జీల నూనె నేను అమ్మే సరుకు కాబట్టి బాగా తెలుసు. కాగి కాగి పాడైన నూనెకు చట్టం ఒక హద్దు పెట్టింది, నూనె చెడేకొద్దీ అందులో పెరిగే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే వాడకూడదు. దాన్ని కొలిచే యంత్రం మన దగ్గర ఉండదు. నూనె నల్లబడి, పైన నురగ నిలబడి, మంట తక్కువ ఉన్నా పొగ వస్తుంటే అది అయిపోయిన నూనె. సాయంత్రం నాలుగున్నరకు మొదటి వాయి బజ్జీలు తినండి, రాత్రి ఎనిమిదికి వద్దు. న్యూస్‌పేపర్‌లో చుట్టి ఇస్తే ప్లేటు అడగండి. అచ్చు సిరా వేడి నూనెకు అంటుకుంటుంది, న్యూస్‌పేపర్‌లో తిండి చుట్టకూడదని నిబంధనే ఉంది.

బస్సు ఆలస్యమై మూడింటికి దిగారనుకోండి. అప్పుడు భోజనం మాట మర్చిపోండి. పెనం మీద నుంచి నేరుగా వచ్చేది ఏదైనా సరే: ఉల్లి దోసె, ఆమ్లెట్, బ్రెడ్ ఆమ్లెట్. రెండు అరటిపళ్లు, ఒక టీ. 80 రూపాయల్లో అయిపోతుంది, రాత్రి దాకా ఆగుతుంది. కర్రీ పాయింట్ దగ్గర పొద్దున ప్యాక్ చేసి పెట్టిన కూర కవర్లు మాత్రం ఆ టైముకి కొనకండి.

మాంసం తినాలనుంటే ఆదివారం తినండి. శని, సోమవారాల్లో మా వైపు చాలామంది మాంసం ముట్టరు, ఆ రోజుల్లో చికెన్ అమ్మకం తక్కువ, నిన్నటిది ఉండే అవకాశం ఎక్కువ. ఆదివారం ఇంకో చిక్కు ఉంది. ఆఫీసుల మీద బతికే మెస్‌లు ఆ రోజు మూసేస్తారు. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు వచ్చాక సూర్యాపేట, వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాలలో ఇలాంటి మెస్‌లు బాగా పెరిగాయి, పని దినాల్లో చక్కటి భోజనం పెడతాయి, సెలవు రోజు షట్టరు దించి ఉంటాయి. రంజాన్ నెలలో పాత బజార్ల వైపు హోటళ్లు పగలు కొన్ని తెరవవు, సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా ఉంటాయి.

ఆడవాళ్లతో ప్రయాణం చేసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. చిన్న మెస్‌లలో బాత్రూం ఉండదు. ముందు బస్టాండులోనే ఆ పని చూసుకుని బయటికి నడవండి. 2023 డిసెంబరు 9 నుంచి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం అయ్యాక బస్టాండుల్లో రద్దీ పెరిగింది, దాంతో పొద్దున టిఫిన్ సెంటర్ల దగ్గర కూడా ఎనిమిదిన్నరకు కాలు పెట్టే చోటు ఉండటం లేదు. కుదిరితే 7:45కి వెళ్లండి. ఒకరు టోకెన్ దగ్గర, ఒకరు టేబుల్ దగ్గర ఉంటే పది నిమిషాలు కలిసొస్తాయి. ఫోన్‌పే అన్నిచోట్లా ఉంది, కానీ రొట్టెల పొయ్యి దగ్గర, హాలియా లాంటి చోట్ల సిగ్నల్ సతాయిస్తే చిల్లర ఉండాలి. 500 నోటు ఇస్తే చిల్లర కోసం బస్సు పోతుంది.

పార్సిల్ కట్టించుకుంటే మీ సొంత స్టీలు డబ్బా ఇవ్వండి. మరిగే సాంబారు పలచని ప్లాస్టిక్ కవర్లో పోయించుకోవద్దు. పార్సిల్ తీసుకున్నాక గంటన్నర, రెండు గంటల్లో తినేయాలి. రాత్రికి దాచుకోవద్దు.

మీ ప్రయాణం నేనైతే ఇలా పెట్టుకుంటాను: హైదరాబాద్‌లో పొద్దున ఆరున్నర బస్సు, నల్గొండలో తొమ్మిదింటికి ఇడ్లీ, పని అయ్యాక 12:30కి క్లాక్‌టవర్ వైపు ప్లేట్ మీల్స్, రెండింటి లోపు మిర్యాలగూడ బస్సు. రాత్రి అక్కడ చపాతీ గానీ దోసె గానీ. మర్నాడు 7:45కి టిఫిన్, వెంటనే బస్సు, మధ్యాహ్నం దేవరకొండ లేదా కల్వకుర్తి, సాయంత్రం మహబూబ్‌నగర్‌లో జొన్న రొట్టె. ఇద్దరికీ కలిపి రోజుకు 500 లోపే అవుతుంది. మీరు వెళ్లేది పని దినమా, ఆదివారమా రాయండి. ఆదివారమైతే నల్గొండ మధ్యాహ్నం భోజనం చోటు మార్చాల్సి వస్తుంది, అది విడిగా చెప్తాను.